చేత్తో చేసిన బహుమతి ఊరికే రాదు



పోయిన నెల గోడ పత్రికలో ఒక అక్క రాసింది. బహుమతులు అంగట్లో కొనడం దండగ, అందరమూ చేత్తోనే చేసి ఇద్దాము, డబ్బు మిగులుతుంది, ప్రేమ కూడా కనపడుతుంది అని. చదివి అందరూ బాగుంది అన్నారు. నేను కూడా అన్నాను. కానీ రాత్రి పడుకున్నాక ఆలోచిస్తే అందులో సగమే నిజమనిపించింది. ఎందుకంటే నేను చేత్తో చేసి చూసినాను. చేసి చెడగొట్టినాను కూడా. మిగతా సగం నాకు తెలుసు కాబట్టి రాస్తున్నాను. ఆ అక్క కోపం చేసుకోవద్దు.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, సంక్రాంతి సెలవులు అయిపోయినాయి. వచ్చే నెల పదో తరగతి అక్కలకు వీడ్కోలు సభ. మా తొమ్మిదో తరగతిలో రెండు జట్లు అయినాయి. మనిషికి 30 రూపాయలు వేసుకుని వేంపల్లె నుంచి ఫోటో ఫ్రేములు తెప్పిద్దామని ఒక జట్టు. చార్టులు, థర్మాకోల్, రంగుల పొడి తెచ్చి మనమే తయారు చేద్దామని ఇంకో జట్టు. స్టడీ అవర్‌లో కూడా ఇదే గొడవ. రెండు జట్లూ నన్ను పిలిచినాయి. నేను దేంట్లోనూ చేరలేదు. పొగరు అనుకుంటున్నారంట. పొగరు కాదు, భయం.

సెప్టెంబరు 5న టీచర్స్ డే నాడు నేను మా క్లాసు టీచరుకు ఒక థర్మాకోల్ గుండె ఇచ్చినాను, చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఎర్ర చార్టు అతికించి, చుట్టూ మెరుపుల పొడి చల్లి, మధ్యలో అద్దాలు పెట్టినాను. అంత పెద్దది క్లాసులో ఇంకెవరూ చేయలేదు. అంతకు ముందు నేను ఎప్పుడూ ఏమీ చేయలేదు. వేరే క్లాసు పిల్ల చేస్తూ ఉంటే చూసి, ఇదేం కష్టం అనుకుని మొదలు పెట్టినాను.

మొదట దాని లెక్క రాస్తాను. థర్మాకోల్ షీటు 30 రూపాయలు. మెరుపుల పొడి రెండు డబ్బాలు 20. ఎర్ర చార్టు 10. ఫెవికాల్ 20. రిబ్బను 15. అన్నీ కలిపితే 95 రూపాయలు. వేంపల్లెలో ఫోటో ఫ్రేము 60 రూపాయలకే వస్తుందని నాకు తరువాత తెలిసింది. సబ్బులకు, కొబ్బరి నూనెకు అని ఇంట్లో ఇచ్చిన 40 రూపాయలు దానికే అయిపోయినాయి. మిగతా 55 నా పక్కన పడుకునే పిల్ల దగ్గర అప్పు తీసుకున్నాను. దసరా దాకా తీర్చలేదు. మా యాడి చీనీ తోటల్లో కూలికి పోతుంది, శెనక్కాయలు వచ్చినప్పుడు వలవడానికి పోతుంది. ఆ 40 రూపాయలు ఎట్ల వస్తాయో నాకు తెలుసు. తెలిసీ చేసినాను. కాబట్టి చేత్తో చేస్తే డబ్బు మిగులుతుంది అనే మాట నేను ఒప్పుకోను. సామాను అంగట్లో కొని తెచ్చి అతికిస్తే అది కొన్న బహుమతే. కాకపోతే మనం ముక్కలుగా కొన్నాము.

ఇంక అద్దాల సంగతి. అది రాయడానికే నాకు చేయి రావడం లేదు. అయినా రాస్తాను.

అద్దాలు నేను కొనలేదు. నా రేకు పెట్టె అడుగున మా అవ్వ కాంచళి ఉండింది. తెలియని వాళ్లకు చెప్తాను. మేము సుగాలీలము. మా పాతతరం ఆడవాళ్లు వీపు మీద తాళ్లతో కట్టుకునే రవికను కాంచళి అంటారు. దాని ముందరి వైపంతా అద్దాలు, గవ్వలు, రంగు దారాల కుట్టు ఉంటుంది. కింద కట్టుకునేది ఫేట్యా. మా తండాలో ఇప్పుడు ముసలివాళ్లు నలుగురైదుగురు మాత్రమే అట్ల కట్టుకుంటారు. మా యాడి చీరే కడుతుంది. అవ్వ నేను ఆరో తరగతికి వచ్చే ముందు ఎండాకాలంలో చనిపోయింది. నేను హాస్టలుకు వచ్చేటప్పుడు యాడి ఆ కాంచళిని నా పెట్టెలో అన్నిటికన్నా కింద పరిచింది. ఎందుకు అని అడిగితే, రాత్రి భయమైతే పట్టుకో అనింది.

నేను పట్టుకోలేదు. వచ్చిన రెండో రోజే ఒకామె చూసి, ఇదేం డ్రామా డ్రెస్సు అని నవ్వింది. (ఆమె ఇప్పుడు నాకు మంచి స్నేహితురాలు. పేరు రాయను. ఆమెకు ఆ మాట గుర్తు కూడా లేదు.) ఆ రోజు దాని మీద పాత పేపరు పరిచి, పేపరు మీద బట్టలు పెట్టినాను. మూడేండ్లు తీయలేదు.

సెప్టెంబరులో గుండెకు అద్దాలు కావలసి వచ్చినాయి. అప్పుడు తీసినాను. పెన్సిలు చెక్కే బ్లేడుతో ఒక్కొక్క అద్దం చుట్టూ దారం కోసి, 24 అద్దాలు ఊడబెరికినాను. అరగంట కూడా పట్టలేదు.

వాటిని అతికించడం కూడా నాకు రాలేదు. మొదట సైకిలు పంక్చరు వేసే సొల్యూషన్ అడిగి తెచ్చి పూసినాను. అది గట్టిగా పట్టుకుంటుంది అనుకున్నాను. పూసిన చోటల్లా థర్మాకోల్ కరిగి గుంతలు పడింది. తరువాత ఫెవికాల్ పోసినాను. రెండు రోజులైనా ఆరలేదు. ఇది ఎందుకని మా సైన్సు టీచరును అడిగితే చెప్పినారు. ఫెవికాల్‌లో ఉన్న నీళ్లు ఆరితేనే అది పట్టుకుంటుందంట. కింద థర్మాకోల్, పైన అద్దం, రెండూ నీళ్లు పీల్చవు, మధ్యలోకి గాలి పోదు. అందుకని అంచు మాత్రం ఆరి, లోపల పచ్చిగానే ఉంటుంది. కాగితానికి కాగితం, కట్టెకు కట్టె అయితే అది బాగా అతుకుతుంది. పంక్చరు సొల్యూషన్‌లో ఉండే ద్రవం థర్మాకోల్‌ను కరిగిస్తుందంట. ఇది ముందే అడిగి ఉంటే ఇంత జరిగేది కాదు. కానీ అడిగితే ఏం చేస్తున్నావు అంటారు, చెప్తే అందరికీ తెలిసిపోతుంది అని అడగలేదు.

టీచర్స్ డే నాడు స్టేజీ మీద ఇచ్చేటప్పుడే రెండు అద్దాలు జారినాయి. పిల్లోళ్లు నవ్వినారు. టీచరు నవ్వలేదు, థ్యాంక్స్ చెప్పి స్టాఫ్ రూములో బీరువా పైన పెట్టినారు. వారం తిరగకముందే ఫ్యాను గాలికి కిందపడి విరిగిపోయింది. ఊడ్చే ఆయమ్మ చెత్తబుట్టలో వేసింది. థర్మాకోల్ పూసలు వరండా అంతా ఎగురుతా ఉండినాయి, చీపురుకు రావు, నీళ్లకు పోవు. నేను చెత్తబుట్టలో వెదికితే 17 అద్దాలు దొరికినాయి. మిగతా ఏడింటిలో కొన్ని పగిలిపోయినాయి, కొన్ని కనపడనే లేదు.

ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. అలంకరణకు వాడే థర్మాకోల్‌ను 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధించినారు. బెలూన్లకు పెట్టే ప్లాస్టిక్ పుల్లలు, ప్లాస్టిక్ జెండాలు, ఐస్‌క్రీం ప్లాస్టిక్ పుల్లలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. పర్యావరణ దినోత్సవం నాడు మనమే ప్లాస్టిక్ వద్దు అని నినాదాలు చెప్పినాము. ఆ నినాదాలు రాసిన అక్షరాలు కూడా థర్మాకోల్‌వే. ఎవరినీ అనడం లేదు, ఆ అక్షరాలు కోసిన వాళ్లలో నేనూ ఉన్నాను.

దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు పెట్టె కూడా తీసుకుపోయినాను. యాడి బట్టలు ఉతకడానికి అన్నీ బయటికి తీసింది. కాంచళి చేతిలోకి వచ్చింది. నేను గడప దగ్గర నిలబడి ఉన్నాను. కొడుతుంది అనుకున్నాను. కొట్టలేదు. దాన్ని ఎండలో పెట్టి, ఖాళీ అయిన చోట్లన్నీ వేలితో తాకి లెక్కపెట్టింది. యాడికి చదువు రాదు, రేషను కార్డు మీద వేలిముద్రే వేస్తుంది. కానీ లెక్క తప్పదు. "ఇరవై నాలుగు" అనింది. నేను వ్యాసిలిన్ డబ్బా తీసి ఇచ్చినాను. అవి కూడా లెక్కపెట్టింది. "ఏడు యాడ?" అనింది. పగిలిపోయినాయి అని చెప్పినాను. ఎందుకు తీసినావు అని అడిగింది. టీచరుకు బహుమతి చేసినాను అని చెప్పినాను. అప్పుడు యాడి అన్న మాట మా భాషలో అనింది, తెలుగులో రాస్తున్నాను. "టీచరమ్మకే ఇవ్వాలని ఉంటే కాంచళినే ఇచ్చి ఉంటే బాగుండె కదా పాపా."

నేను దానికి ఏమీ చెప్పలేకపోయినాను. ఇప్పటికీ చెప్పలేను. ఎందుకంటే కాంచళి ఇవ్వడానికి నాకు సిగ్గు. అదే అద్దాలు థర్మాకోల్ మీద అతికిస్తే సిగ్గు లేదు. ఎందుకట్ల?

ఆ రోజు సాయంత్రం నుంచి యాడి నాకు అద్దం కుట్టడం నేర్పింది. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటి మనిషిని నేనే. ఇన్నాళ్లూ యాడికి నేను చెప్పడమే గానీ, యాడి దగ్గర నేర్చుకోవలసింది ఉంటుందని అనుకోలేదు. చూస్తే చాలా సులువుగా ఉంటుంది. అద్దానికి రంధ్రం ఉండదు, జిగురు ఉండదు. బట్ట మీద అద్దం పెట్టి బొటనవేలితో అదిమి పట్టుకోవాలి. దాని మీద నిలువుగా రెండు దారాలు, అడ్డంగా రెండు దారాలు వేయాలి. అడ్డం దారం పోయేటప్పుడు నిలువు దారానికి ఒక చుట్టు చుట్టి పోవాలి. అప్పుడు అద్దం మీద చిన్న చతురస్రం వస్తుంది. ఆ నాలుగు దారాలే అద్దాన్ని పట్టుకునేది. తరువాత ఆ చతురస్రం కింద నుంచి సూది దూర్చి, బట్టలో దించి, మళ్లీ దూర్చి, గుండ్రంగా చుట్టూ కుట్టుకుంటూ పోతే, లాగే కొద్దీ చతురస్రం విచ్చుకుని గుండ్రం అవుతుంది. లెక్కల్లో మనం చతురస్రం, వృత్తం వేరు వేరు పాఠాలు చదివినాము. ఇక్కడ ఒకటి ఇంకొకటి అవుతుంది.

చెప్పినంత సులువు కాదు. నాలుగు దారాలు మరీ అంచుకు వేస్తే లాగేటప్పుడు అద్దం బయటికి జారిపోతుంది. మరీ మధ్యకు వేస్తే అద్దం కనపడకుండా మూసుకుపోతుంది. ఒంటి దారం వేస్తే అద్దం అంచుకు తెగిపోతుంది, జంట దారం వేయాలి. నేను మొదటి అద్దం కుట్టడానికి గంటన్నర పట్టింది. అది ఆ రాత్రే ఊడిపోయింది. రెండోది వంకరగా వచ్చింది. యాడి రెండు కుట్టి చూపించింది, పది నిమిషాలు కూడా పట్టలేదు, అది కూడా పొయ్యి మీద అన్నం చూసుకుంటూ. దసరాకు నాలుగు, సంక్రాంతికి అయిదు, మొత్తం తొమ్మిది నేను కుట్టినాను. ఒక్కో అద్దం చుట్టూ 30 కుట్లకు పైనే పడతాయి. బ్లేడుతో కోసిన రోజు లెక్కపెట్టలేదు గానీ, ఇప్పుడు లెక్కపెట్టినాను.

కాబట్టి నా అభిప్రాయం ఏమంటే, కొత్తగా మొదలు పెట్టే వాళ్లు మొదట చేసింది ఎవరికీ ఇవ్వకూడదు. మొదటిది మనకే ఉంచుకోవాలి, రెండోది కూడా. మూడోదో నాలుగోదో ఇవ్వాలి. మనము ఏం చేస్తున్నామంటే, రేపు సభ అనగా ఈ రోజు రాత్రి మొదలు పెడతాము. జీవితంలో మొదటిసారి చేసింది తీసుకుపోయి ఇచ్చేస్తాము. అది ఊడిపోతే, ప్రేమతో చేసింది కదా అంటాము. ప్రేమ ఉన్నంత మాత్రాన అద్దం నిలబడదు.

ఇంకొకటి. పాతది చెడగొట్టి కొత్తది చేయవద్దు. నాలాంటి పని ఇంకెవరూ చేయరు అనుకుంటాను, అయినా చెప్తున్నాను. మీ ఇండ్లలో అవ్వలవి, జేజిలవి ఏమైనా ఉంటే వాటిని కోయవద్దు. పక్కన పెట్టుకుని చూసి నేర్చుకోండి.

మన హాస్టల్‌లో చేతిపని అంటే చార్టు మీద అతికించేదే చేతిపని అనుకుంటాము. మన వంటగదిలో కూరగాయలు కడిగే ఈత బరిగెల బుట్టలు రెండు ఉన్నాయి, చూడండి. అవి మా క్లాసు పిల్ల ఒకామె వాళ్ల అమ్మ అల్లినవి. వాళ్లు ఎరుకలవాళ్లు. ఆ బుట్టల్లో కడిగిన వంకాయలే మనం రోజూ తింటున్నాము. కానీ క్రాఫ్టు పోటీ పెట్టినప్పుడు ఆమె కూడా ప్లాస్టిక్ పువ్వులే చేసింది, నాకు తెలుసు. సంక్రాంతి సెలవుల్లో ఆమె పెన్నులు పెట్టుకునే చిన్న బుట్ట ఒకటి అల్లుకుని వచ్చింది. బరిగెలను ముందు నీళ్లలో నానబెట్టాలంట, లేకపోతే వంచేటప్పుడు పుటుక్కున విరిగిపోతాయంట. అడుగు అల్లడమే కష్టం, గోడలు తరువాత వాటంతట అవే వస్తాయి అనింది. ఆమె బుట్ట కొంచెం ఒక పక్కకు వంగింది. అయినా అందులో పెన్నులు నిలబడతాయి. దానికి పైసా ఖర్చు కాలేదు. నేను అడిగితేనే చూపించింది, పెట్టెలో దాచుకుంది. నా కాంచళి దాచినట్టే.

సండూరు అని ఒక ఊరు ఉంది. కర్ణాటకలో బళ్లారి జిల్లాలో ఉంది. అక్కడి లంబాణీ ఆడవాళ్లు, అంటే మావాళ్లే, కుట్టే పనికి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023 జూలైలో హంపిలో జి20 సాంస్కృతిక సమావేశం జరిగినప్పుడు 450 మందికి పైగా ఆడవాళ్లు కుట్టిన 1,755 పనులు ఒకచోట పెడితే గిన్నిస్ రికార్డు వచ్చింది. ఇది తెలిసినప్పుడు నాకు చాలా గర్వమనిపించింది. రెండు నిమిషాలు. తరువాత, వాళ్ల రికార్డు వాళ్లది, నాకు నాలుగు దారాలు సరిగ్గా వేయడం రాదు కదా అనిపించింది. మన వాళ్లు గొప్ప అని చెప్పుకోవడం సులువు. సూదిలో దారం ఎక్కించడమే కష్టం.

అట్లని కొన్నది ఇవ్వకూడదు అని కూడా నేను అనను. పదో తరగతి అక్క ఒకామెను అడిగినాను, అక్కా నీకు ఏం కావాలి అని. "నాకు బాగా రాసే పెన్నులు రెండు ఇవ్వండే, మార్చిలో పరీక్షలకు పనికొస్తాయి. మీ గుండెలు, పువ్వులు బస్సులో ఎట్ల పట్టుకుపోయేది?" అనింది. నిజమే కదా. వాళ్ల ఊరికి రెండు బస్సులు మారాలి. ఇచ్చేవాళ్లం ఎట్ల చేయాలి అని ఆలోచిస్తాము గానీ తీసుకునే వాళ్లు ఎక్కడ పెట్టుకోవాలి అని ఆలోచించము. చేయడం రానివాళ్లు, తీరిక లేనివాళ్లు రెండు పెన్నులు కొని ఇస్తే తప్పేమీ లేదు. మనకు కూడా పరీక్షలు ఉన్నాయి. ఒక్క అద్దానికి నాకు ఇప్పటికీ అరగంట పడుతుంది.

ఇప్పుడు వార్డెన్ మేడం గారికి ఒక మనవి. హాస్టల్‌లో సూదులు, కత్తెరలు పెట్టుకోకూడదు అని నియమం ఉంది. ఎందుకు పెట్టినారో నాకు తెలుసు. పోయిన సంవత్సరం ఆరో తరగతి పాప కాలికి సూది గుచ్చుకుని ఆస్పత్రికి తీసుకుపోవలసి వచ్చింది. నియమం తప్పు అనడం లేదు. కానీ దానివల్ల మాకు అతికించడం తప్ప వేరే పని చేయడానికి లేకుండా పోయింది. బ్లేడు మాత్రం అందరి దగ్గరా ఉంటుంది. బ్లేడుతో చెడగొట్టవచ్చు, సూదితో బాగు చేయడానికి లేదు. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటల సేపు పది సూదులు, ఒక కత్తెర మీ చేతితో లెక్కపెట్టి ఇచ్చి, సాయంత్రం లెక్కపెట్టి తీసుకోండి. ఒక్క సూది తక్కువైనా ఆ మరుసటి ఆదివారం ఇవ్వకండి. లెక్క నేను రాస్తాను.

ఇంకో మనవి కూడా. గాంధీ గారు 1937లో వార్ధాలో, చేతిపనితోనే పిల్లలకు చదువు చెప్పాలి అన్నారని సోషల్ పాఠంలో చెప్పినారు. మన టైం టేబుల్లో పని విద్య అని ఒక పీరియడ్ ఉంది. అది ఎక్కువగా లెక్కలకు పోతుంది. లెక్కలు కావాలి, నేను లెక్కల్లో వెనకబడిన దాన్నే. కానీ నెలకు ఒకసారి మమ్మల్ని చూడడానికి మా అమ్మలు వస్తారు కదా. గేటు దగ్గర వేపచెట్టు కింద కూర్చుని, తెచ్చిన బొరుగులు మాకు పెట్టి, సాయంత్రం బస్సుకు పోతారు. అందులో ఒకరికి బుట్ట అల్లడం వచ్చు, ఒకరికి అద్దాలు కుట్టడం వచ్చు, ఒకరికి చాప అల్లడం వచ్చు. వాళ్లను ఒక గంట లోపలికి పిలిచి మాకు నేర్పమని అడిగితే కాదనరు. మా యాడిని నేను అడిగినాను. "బడి లోపలికా? నేనా?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తరువాత, "ఏ వారం?" అని అడిగింది.

వీడ్కోలుకు నేను చేసేది చెప్తాను. అక్కలందరికీ చేయలేను. నన్ను ఆరో తరగతిలో జడ వేసి స్కూలుకు పంపిన అక్క ఒకామె ఉంది, ఆమెకు మాత్రం ఒకటి చేస్తున్నాను. పాత యూనిఫాం గుడ్డ ముక్క మీద ఒకే ఒక్క అద్దం, పుస్తకంలో గుర్తుకు పెట్టుకోవడానికి. దానికి అద్దం అవ్వది కాదు. పోయిన శ్రావణంలో గండి తిరణాలకు పోయినప్పుడు యాడి కొన్న కొత్త అద్దాల్లోది, పలచగా ఉంటుంది. ఇప్పటికి మూడు చెడిపోయినాయి, నాలుగోది కొంచెం నయంగా ఉంది. ఇంటి దగ్గర కుట్టినంత వరకే కుట్టి తెచ్చినాను. ఇంకా పది పన్నెండు కుట్లు మిగిలినాయి, సూది లేదు.

వ్యాసిలిన్ డబ్బాలో ఇంకా ఆరు అద్దాలు ఉన్నాయి. అవి అవ్వవి, కాంచళివి. వాటిని కాంచళికే కుట్టాలి. ఏడు చోట్లు ఖాళీగానే ఉంటాయి. కొత్త అద్దాలు పెట్టమంటావా అని యాడిని అడిగితే, వద్దు, అట్లనే ఉండనీ అనింది.

కాంచళి చూడాలని ఉన్నవాళ్లు అడగండి, చూపిస్తాను. ఇప్పుడు అది పెట్టెలో పైనే ఉంది.

ఇట్లు,
తొమ్మిదవ తరగతి విద్యార్థిని